తిరిగిందెంత, జరిగిందెంత

చలనం పాఠం తొమ్మిదో తరగతిలో వస్తుంది, ఇంటర్ మొదటి ఏడాదిలో మళ్లీ వస్తుంది, పోటీ పరీక్షల్లో వదలకుండా వస్తూనే ఉంటుంది. దూరం అంటే నడిచిన దారి మొత్తం పొడవు, స్థానభ్రంశం అంటే మొదలైన చోటు నుంచి చేరిన చోటికి గీసిన సూటి గీత. ఈ మాట ఏ పిల్లవాడిని అడిగినా గడగడా అప్పజెప్తాడు. లెక్క ముందు పెడితే మాత్రం తడబడతాడు. నిర్వచనం రాక కాదు. లెక్కకు ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎక్కడి నుంచి కొలుస్తున్నాం, ఏ వైపును ప్లస్ అనుకుంటున్నాం, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా. ఈ మూడూ కాగితం మీద గీసుకోకుండా సూత్రంలో అంకెలు వేస్తే, జవాబు కలిసినా అది అదృష్టమే అంటాను.

మన దగ్గర భూమి లెక్క గుంటల్లో ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. గుంట అంటే 121 చదరపు గజాలు. మడి సరిగ్గా చదరంగా ఉంటే ఒక్కో వైపు 11 గజాలు, అంటే 10.06 మీటర్లు. నాటు పడ్డ మడిలో అడ్డంగా నడవలేం, గెట్టు పట్టుకునే పోవాలి. నైరుతి మూలలో బయలుదేరి ముందు తూర్పుకు, తర్వాత ఉత్తరానికి నడిచి ఈశాన్యం మూలకు చేరారనుకోండి. దూరం 20.12 మీటర్లు. స్థానభ్రంశం 14.2 మీటర్లు, ఈశాన్య దిశగా. ఆ "ఈశాన్య దిశగా" రాయకపోతే జవాబు సగమే. ఇంకో గెట్టు నడిచి వాయవ్యం మూలకు వెళ్లండి. దూరం 30.18కి పెరిగింది, స్థానభ్రంశం 10.06కి తగ్గింది, దిశ ఉత్తరానికి మారింది. నాలుగో గెట్టూ పూర్తయితే దూరం 40.24, స్థానభ్రంశం సున్నా. నడుస్తున్న కొద్దీ దూరం పెరగడమే గానీ తగ్గడం ఉండదు. స్థానభ్రంశం పెరగొచ్చు, తగ్గొచ్చు, సున్నా కావచ్చు. దాని పరిమాణం దూరాన్ని ఎప్పుడూ మించదు. దిశ మార్చకుండా ఒకే సరళరేఖలో వెళ్లినప్పుడు మాత్రం రెండూ సమానం.

మూల నుంచి మూలకు గీసిన ఆ గీత పైథాగరస్ లెక్కే. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్యలో దారం 5 అడుగులు వచ్చిందా లేదా అని చూస్తాడు. పరీక్షలో "3 కి.మీ. తూర్పుకు, 4 కి.మీ. ఉత్తరానికి" అని అడిగేది కూడా ఆ త్రిభుజాన్నే. 7 అని కూడినవాడు దూరం చెప్పాడు, 5 అన్నవాడు స్థానభ్రంశం పరిమాణం చెప్పాడు. 5 కి.మీ., తూర్పు నుంచి ఉత్తరం వైపు సుమారు 53 డిగ్రీలు అన్నవాడు పూర్తి జవాబు చెప్పాడు.

ఇదే పని ఊళ్ల మధ్య చేయాలంటే ఫోన్ చాలు. మ్యాప్‌లో ఒక చోట వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం అంకెలు కనిపిస్తాయి. నల్గొండ పట్టణం దాదాపు 17.05 ఉత్తరం, 79.27 తూర్పు. మహబూబ్‌నగర్ దాదాపు 16.74 ఉత్తరం, 77.99 తూర్పు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా కూడా అంతే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ధ్రువాల వైపు పోయే కొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి 111ని ఆ అక్షాంశం కొసైన్‌తో గుణించాలి. 17 డిగ్రీల దగ్గర అది 106 కిలోమీటర్లకు వస్తుంది. ఇప్పుడు తేడాలు తీయండి. దక్షిణానికి 0.31 × 111 = 34 కి.మీ., పడమరకు 1.28 × 106 = 136 కి.మీ. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 140 కి.మీ. దిశ పడమర నుంచి దక్షిణం వైపు 14 డిగ్రీలు. హైదరాబాద్ మీదుగా వెళ్తే రోడ్డు సుమారు 200 కిలోమీటర్లు అవుతుంది. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోతే అంతకంటే తక్కువ. ఏ రోడ్డున పోయినా 140 మారదు, మధ్యలో ఎవరింటికో వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చినా మారదు. స్థానభ్రంశానికి రెండు కొసలే గుర్తుంటాయి, మధ్య దారి గుర్తుండదు. తిరుగు ప్రయాణంలో అంకె 140నే ఉంటుంది గానీ దిశ ఎదురు తిరుగుతుంది. అది వేరే స్థానభ్రంశం.

ఇక అసలు ఇబ్బంది పెట్టే చోటికి వద్దాం. "ఎస్ ఈక్వల్స్ యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్" అని పిల్లలు పాటలా పాడతారు. అందులో యూ తొలి వేగం, ఏ త్వరణం (వేగం మారే రేటు), టీ కాలం. ఎస్ అంటే దూరం అనే చాలామంది నమ్మకం. అది స్థానభ్రంశం. వస్తువు ఒకే దిశలో పోతున్నంత సేపు ఈ పొరపాటు బయటపడదు, రెండూ ఒకటే కాబట్టి. వస్తువు వెనక్కి తిరిగిన లెక్కలోనే దొరికిపోతారు.

వ్యవసాయ బావి ఒకటి అనుకోండి. ఒడ్డు నుంచి నీళ్లు 15 మీటర్ల కింద ఉన్నాయి. ఒడ్డున నిలబడి రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే అది ఎంతసేపటికి నీళ్లలో పడుతుంది? ఒడ్డే మూల బిందువు, పై వైపు ప్లస్, విసిరిన క్షణం సున్నా. రాయి ఒడ్డు ఎత్తులోనే చేతిని వదిలిందని, గురుత్వ త్వరణం 10 అని తీసుకుందాం. తొలి వేగం +10, త్వరణం −10, స్థానభ్రంశం −15. రాయి ఎంత పైకి పోయి వచ్చినా చివరికి చేరింది ఒడ్డుకు 15 మీటర్ల కిందే గదా. సూత్రంలో పెడితే −15 = 10టి − 5టి². సర్దితే టి² − 2టి − 3 = 0. టి = 3 లేదా −1. జవాబు 3 సెకన్లు.

ఎస్ దగ్గర +15 వేసినవాడి సంగతేమిటి? టి² − 2టి + 3 = 0 వస్తుంది, విచక్షణి (వర్గమూలం కింద వచ్చే అంకె) −8. వర్గమూలం లేదు, లెక్క మొరాయిస్తుంది. అది మంచిదే. ఒడ్డుకు 15 మీటర్ల పైకి రాయి వెళ్లే సమయం ఎంత అని మీరు అడిగారు, అది 5 మీటర్ల కంటే పైకి పోదని సమీకరణం చెప్పింది. రాయి నిజంగా తిరిగిన దూరం 25 అని తెలిసినవాడు 25 వేసినా ఇదే గతి. కానీ అన్ని లెక్కలూ ఇంత నిజాయితీగా ఎదురు తిరగవు. త్వరణానికి మైనస్ పెట్టడం కూడా మర్చిపోయినవాడికి 15 = 10టి + 5టి² వచ్చి టి = 1 సెకను అని శుభ్రమైన జవాబు దొరుకుతుంది. అది రాయిని కిందికి విసిరిన లెక్క. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఆ 1 సెకను ఒక ఆప్షన్‌గా కాచుకుని ఉంటుంది.

ముక్కలు చేసి సరిచూసుకోవచ్చు. పైకి పోవడానికి 1 సెకను, 5 మీటర్లు. అక్కడి నుంచి 20 మీటర్లు కిందికి, 2 సెకన్లు. మొత్తం 3 సెకన్లు, దూరం 25 మీటర్లు. సగటు వడి (దూరం భాగించు కాలం) 25/3, అంటే సెకనుకు 8.33 మీటర్లు. సగటు వేగం (స్థానభ్రంశం భాగించు కాలం) −15/3, అంటే −5. నీటిని తాకేటప్పుడు వేగం 10 − 30 = −20. త్వరణం మారనప్పుడు తొలి, తుది వేగాల సగటే సగటు వేగం: +10, −20ల సగటు −5. కలిసింది. గుర్తులు సరిగ్గా పెడితేనే ఇలా కలుస్తుంది.

ఆ −1ని చాలామంది "కాలం రుణాత్మకం కాదు" అని కొట్టేస్తారు. కొట్టేయడం సరైనదే, ఈ ప్రశ్నకు అది జవాబు కాదు. కానీ అది చెత్త కాదు. మీరు విసరడానికి ఒక సెకను ముందు ఎవరైనా నీటి మట్టం నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో రాయిని పైకి విసిరి ఉంటే, అది సరిగ్గా సున్నా క్షణానికి ఒడ్డు దగ్గర 10 మీటర్ల వేగంతో పైకి పోతూ ఉండేది. సమీకరణానికి మీ చెయ్యి కనబడదు, చలనం ఒక్కటే కనబడుతుంది.

దూరం కావాలని అడిగితే మాత్రం సూత్రంలో నేరుగా దొరకదు. ముందు వేగం సున్నా అయ్యే క్షణం పట్టుకోవాలి, అదే వెనక్కి తిరిగే చోటు. అక్కడ చలనాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్క స్థానభ్రంశం గుర్తు తీసేసి కూడాలి. అడిగిన సమయం ఆ క్షణం కంటే ముందే ముగిసిపోతే ముక్కలు చేసే పనే లేదు.

సగటు వడి దగ్గర ఇంకో పాత గొయ్యి ఉంది. నల్గొండ నుంచి మిర్యాలగూడకు 40 కిలోమీటర్లు అని లెక్క సులువు కోసం అనుకుందాం. పోయేటప్పుడు గంటకు 40, వచ్చేటప్పుడు గంటకు 60. సగటు 50 అంటారు. కాదు. పోవడానికి 60 నిమిషాలు, రావడానికి 40 నిమిషాలు. 80 కిలోమీటర్లకు 100 నిమిషాలు, గంటకు 48. తక్కువ వడితో ఎక్కువ సేపు ఉన్నాం కాబట్టి సగటు అటు మొగ్గుతుంది. మిర్యాలగూడలో చాయ్ కోసం 20 నిమిషాలు ఆగితే మొత్తం 120 నిమిషాలు, సగటు 40కి పడిపోతుంది. ఆగిన సమయాన్ని వదిలేయడం ఎక్కువగా కనబడే తప్పు. ఇక సగటు వేగం ఈ మొత్తం తిరుగుడుకు సున్నా, చాయ్ తాగినా తాగకపోయినా.

పరుగు ట్రాక్ మీద ఇది బాగా తెలుస్తుంది. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌లో రెండు తిన్నని భాగాలు, ఒక్కొక్కటి 84.39 మీటర్లు. రెండు వంపులు, లోపలి అంచు వ్యాసార్ధం 36.5 మీటర్లు. కానీ లోపలి అంచు ఎత్తుగా కట్టి ఉంటే పరుగు కొలిచేది అంచు మీద కాదు, అంచుకు 30 సెంటీమీటర్ల బయట, పరుగెత్తేవాడి కాళ్లు పడే చోట. అంటే లెక్కకు వ్యాసార్ధం 36.8. రెండు వంపులు కలిపి 231.22, తిన్నని భాగాలు 168.78, మొత్తం 400. మన పాఠశాలల మైదానాల్లో ఎత్తైన అంచు లేకుండా సున్నంతో గీస్తే గీతకు 20 సెంటీమీటర్ల బయట కొలవాలి; అది మర్చిపోయి గీత మీదే 400 కొలిస్తే, పిల్లలు ప్రతి చుట్టుకూ దాదాపు 1.3 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతారు. తిన్నని భాగం మొదట్లో బయలుదేరి సగం చుట్టు, అంటే 200 మీటర్లు పరుగెత్తినవాడు ట్రాక్‌కు ఐమూలగా అవతలి చోట ఉంటాడు. 84.39, 73.6 వైపులుగా ఉన్న దీర్ఘచతురస్రం కర్ణం 112 మీటర్లు, అదే స్థానభ్రంశం. అతను 25 సెకన్లలో పరుగెత్తితే సగటు వడి సెకనుకు 8 మీటర్లు, సగటు వేగం 4.48. పాఠ్యపుస్తకంలో అర్ధవృత్తం లెక్క ఒక్కటే ఉంటుంది (దూరం π × వ్యాసార్ధం, స్థానభ్రంశం 2 × వ్యాసార్ధం), ట్రాక్ లెక్క అంతకంటే రుచిగా ఉంటుంది.

దూరం ఎందుకు, స్థానభ్రంశం ఉంటే చాలదా అని అడిగేవాళ్లకు ట్రాక్టర్ చూపించాలి. ఎకరం చెలక 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల చిల్లర వెడల్పు. కల్టివేటర్ ఒక్క సాలుకు 2 మీటర్లు దున్నుతుందనుకుంటే 20 సాళ్లు, 2 కిలోమీటర్లు, గట్టు దగ్గర 19 మలుపులు. చివరికి బండి మొదలైన వైపే, 38 మీటర్ల పక్కన ఆగుతుంది. డీజిల్ తాగింది ఆ 38 మీటర్లకు కాదు, 2 కిలోమీటర్లకు, మలుపులకు. అదే చెలకను అడ్డంగా దున్నితే 50 సాళ్లు, సాలుకు 40 మీటర్లు, దూరం మళ్లీ 2 కిలోమీటర్లే. మలుపులు మాత్రం 49. డ్రైవర్లు పొడుగు వైపే ఎందుకు పట్టుకుంటారో వేరే చెప్పాలా?

గ్రాఫుల దగ్గర రెండు తప్పులు కనబడతాయి. మొదటిది, దూరం-కాలం గ్రాఫును కిందికి దించడం. బండి మీటర్‌లో కిలోమీటర్లు వెనక్కి తిరగవు, ఈ గీత కూడా దిగదు. ఆగితే అడ్డంగా పోతుంది, అంతే. రెండోది, స్థానభ్రంశం-కాలం గ్రాఫు ఎక్కి దిగితే వస్తువు గుట్ట ఎక్కి దిగిందని చదవడం. ఇంటి నుంచి 600 మీటర్ల దూరంలో తిన్నని రోడ్డు మీద కిరాణా కొట్టు. సైకిల్ మీద 200 సెకన్లలో పోయి, 100 సెకన్లు ఆగి, 300 సెకన్లలో తిరిగొస్తే, దూరం గీత 600 దాకా ఎక్కి, అడ్డంగా పోయి, 1200కి ఎక్కుతుంది. స్థానభ్రంశం గీత 600 ఎక్కి, అడ్డంగా పోయి, సున్నాకు దిగుతుంది. గీత ఏటవాలు ఎంతో అదే వేగం: +3, సున్నా, −2. ఇల్లు దాటి అవతలి వైపుకు పోతే గీత అక్షం కిందికి పోతుంది. రోడ్డు మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదునుగానే ఉంది.

కొలిచి చూడాలనుకునేవాళ్లకు పాత రకం 28 అంగుళాల సైకిల్ బాగా పనికొస్తుంది. చక్రం చుట్టుకొలత లెక్కకు 2.23 మీటర్లు వస్తుంది. లెక్కను నమ్మకండి. టైరు మీద, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, మనిషి ఎక్కి కూర్చున్నాక 10 చుట్లు తిప్పి టేపుతో కొలిచి 10తో భాగించండి. బరువుకు టైరు అణిగి కొలత కొంచెం తగ్గుతుంది. గాలి తక్కువ ఉంటే ఇంకా తగ్గుతుంది, అప్పుడు అదే దారికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. సైకిల్‌ను వంకరటింకరగా తోస్తే దూరం పెరుగుతుంది, స్థానభ్రంశం పెరగదు.

ఫోన్‌లో జీపీఎస్ తప్పులు రెండు రకాలు, రెండూ ఎదురెదురు దిక్కులు. ఒక చోట కదలకుండా కూర్చున్నా చుక్క కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. యాప్ ఆ ఊగులాటను కూడుకుంటూ పోతే నడవకుండానే వందల మీటర్లు చూపిస్తుంది. మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు ఘాట్ రోడ్డు మీద దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఫోన్ కొన్ని సెకన్లకోసారి మాత్రమే చోటు పట్టుకుంటే మధ్యలో మలుపును సూటి గీతగా కోసేస్తుంది, దూరం తక్కువ వస్తుంది. అంటే దూరం ఎంత సన్నగా కొలిస్తే అంతగా మారే రాశి. స్థానభ్రంశానికి ఈ బెడద చాలా తక్కువ, రెండు కొసల్లో కొన్ని మీటర్ల తప్పు, అంతే. అందుకే పొడుగు ప్రయాణాల్లో ఫోన్ చెప్పే సూటి దూరాన్ని నమ్మొచ్చు, నడిచిన దూరాన్ని బండి మీటర్‌తో పోల్చుకోవాలి.

ఇంతవరకు నేల నిశ్చలంగా ఉందని అనుకున్నాం. అది కూడా ఒప్పందమే. భూమి తన చుట్టూ తాను తిరగడం లెక్కేస్తే నల్గొండలో అరుగు మీద కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 1600 కిలోమీటర్ల వడితో తూర్పుకు పోతున్నాడు. ఎవరికి సాపేక్షంగా అని చెప్పకుండా చలనం గురించి ఏమీ చెప్పలేం. సెకనుకు 10 మీటర్లతో పోతున్న బస్సులో కండక్టర్ ముందు నుంచి వెనక్కి 8 సెకన్లలో 8 మీటర్లు నడిచాడు. బస్సుకు సాపేక్షంగా స్థానభ్రంశం −8. రోడ్డుకు సాపేక్షంగా 80 − 8 = +72. వెనక్కి నడిచిన మనిషి ముందుకే జరిగాడు.

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ దాటే పడవలో ఇదే లెక్క రెండు దిశల్లో జరుగుతుంది. అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం కళ్లెదుటే ఉంటుంది, రోడ్డు మీద కర్నూలు మీదుగా చుట్టి పోవాలంటే వంద కిలోమీటర్ల పైనే. లెక్క కోసం నది వెడల్పు 900 మీటర్లు, నీళ్లలో పడవ వేగం సెకనుకు 3 మీటర్లు, ప్రవాహం సెకనుకు 1 మీటరు అనుకుందాం. పడవ ముక్కును సూటిగా అవతలి ఒడ్డుకు పెడితే 300 సెకన్లలో దాటుతుంది. ఆ 300 సెకన్లలో ప్రవాహం 300 మీటర్లు కిందికి లాగుతుంది. నేలకు సాపేక్షంగా స్థానభ్రంశం 949 మీటర్లు, నీటికి సాపేక్షంగా 900. ప్రవాహం పెరిగితే దాటే సమయం మారదు, దిగే చోటు మారుతుంది. ఇది పిల్లలు సులువుగా ఒప్పుకోరు. ప్రవాహం ఒడ్డు వెంట పోతుంది, అడ్డంగా పోయే వేగాన్ని అది ముట్టుకోదు.

సరిగ్గా ఎదురుగా దిగాలంటే ముక్కును ఎగువకు తిప్పాలి. ఎంత? పడవ వేగంలో ఎగువ భాగం ప్రవాహానికి సమానం కావాలి, అంటే సైన్ విలువ 1/3, కోణం 19.5 డిగ్రీలు. అప్పుడు అడ్డంగా మిగిలే వేగం 9 − 1 = 8కి వర్గమూలం, 2.83. దాటడానికి 318 సెకన్లు. 18 సెకన్లు ఎక్కువ పడుతుంది గానీ, దిగాక ఒడ్డు వెంట 300 మీటర్లు వెనక్కి నడిచే పని తప్పుతుంది.